వరుస - వాటా

సీలేరు పేరు చెప్పగానే తెలుగువారికి స్ఫురించేవి రెండు: ఒకటి నీరు, రెండవది కరెంటు. తూర్పు కనుమల నడుమ, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలో ఉన్న ఈ చిన్న ఊరిని ఆనుకొని పారే నది ఎగువన మాచ్‌ఖండ్ అనిపించుకొని, దిగువకు వచ్చి సీలేరై, శబరిలో కలిసి, ఆ శబరితో పాటు కూనవరం వద్ద గోదావరిని చేరుతున్నది. ఆ దారి పొడుగునా మనుష్యుడు మెట్లు కట్టినాడు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం పనిచేయ నారంభించినది. తరువాతి దశాబ్దాలలో 240 మెగావాట్ల ఎగువ సీలేరు, 25 మెగావాట్ల డొంకరాయి, 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రాలు వచ్చినవి. ఒకే నీరు ఒక్కొక్క మెట్టు దిగుతూ, మరల మరల పనిచేసి, కడపట డెల్టాలో వరిచేను తడుపుతున్నది.

ఈ నీటికి హక్కుదారులు అనేకులు. బలిమెల జలాశయం వద్ద ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాలకు నీరు చెరిసగం. మన సగంలో కూడ విద్యుత్తుకు ఒక అవసరం, వ్యవసాయానికి మరొక అవసరం. రబీలో గోదావరి సన్నగిల్లినప్పుడు ధవళేశ్వరం క్రింది రైతులు సీలేరు నుండి ఎప్పుడు నీరు విడుస్తారా అని కొండలవైపు చూస్తారు. నీరు సమృద్ధిగా ఉన్నంతకాలం ఒప్పందాలను ఎవరూ తిరగవేయరు. కరువు వచ్చిననాడే "ముందెవరికి? ఎంతమటుకు?" అన్న రెండు ప్రశ్నలు పుట్టుకొస్తాయి. మొదటిది వరుసను గూర్చినది, రెండవది వాటాను గూర్చినది. ఈ రెండింటికీ గల భేదాన్ని గ్రహించడమే పంపకంలోని రహస్యం.

ఈ రహస్యం మాకు బోధపడినది నీటి వద్ద కాదు, కరెంటు వద్ద కాదు. సీలేరు ప్రాంతపు ఒక వసతి పాఠశాల కార్యాలయంలో, గోడకు బిగించిన ఒక చిన్న ఇనుప పెట్టె వద్ద బోధపడినది. దానిని నెట్‌వర్క్ స్విచ్ అంటారు. కంప్యూటర్ల విద్య చదువుకొనే విద్యార్థులకు అది కొత్త వస్తువు కాదు. ఇతర శాఖల మిత్రుల కొరకును, కళాశాల కార్యవర్గంవారి పరిశీలన కొరకును ఆ అనుభవాన్ని కొంత వివరంగా ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా ఆ పెట్టె చేసే పని ఏమిటో తెలుసుకొందాము. కంప్యూటర్లు, కెమెరాలు, టెలిఫోన్లు పంపే సమాచారం ఏకధారగా ప్రవహించదు. ప్యాకెట్లనే చిన్న చిన్న మూటలుగా విడిపోయి పోతుంది. ఒక్కొక్క మూటలో సాధారణంగా 1500 బైట్ల వరకు సరుకు పట్టుతుంది. ఒక తీగ మీద వచ్చిన మూటను దాని గమ్యాన్ని చూసి తగిన తీగ మీదికి మళ్లించడమే స్విచ్ చేసే పని. సామాన్యమైన స్విచ్ ముందు వచ్చినవానిని ముందు పంపుతుంది. దానికి పేదా గొప్పా తెలియదు, ప్రాణావసరమూ కాలక్షేపమూ తెలియవు. మేనేజ్డ్ స్విచ్ అట్లా కాదు. దానికి మనం నియమాలు చెప్పవచ్చును. ఈ ద్వారం నుండి వచ్చిన మూటలను ముందు పంపుము, ఆ ద్వారానికి ఇంతకంటె ఎక్కువ ఇవ్వకుము, ఫలానివి ఆగినా పరవాలేదు అని ఆజ్ఞాపించవచ్చును.

ఇందుకై మూటపై ఒక ముద్ర వేస్తారు. 1998లో వెలువడిన 802.1క్యూ ప్రమాణం ప్రకారం మూట తలపై నాలుగు బైట్ల చీటీ ఒకటి అతికించవచ్చును. ఆ చీటీలో మూడు బిట్లు ప్రాధాన్యానికి కేటాయింపబడినవి. మూడు బిట్లతో సున్న మొదలు ఏడు వరకు ఎనిమిది అంతస్తులు ఏర్పడతాయి. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. ముద్ర లేని సామాన్య ప్రయాణికునిది సున్న. ఒకటి దానికంటె మెరుగు కావలెనని తోస్తుంది గాని, ప్రమాణం చేసే సిఫారసు ప్రకారం ఒకటే అన్నిటికంటె కడపటిది. తీరుబడిగా జరిగే పనులకు, ఎప్పుడు చేరినా నష్టం లేని సరుకుకు ఆ అంకె వేస్తారు. తన పని తొందరలేనిదని తానే ఒప్పుకొన్నవాడు సామాన్యునికి సైతం దారి ఇవ్వవలెనన్నమాట! మన సమాజంలో ఇటువంటి అంతస్తును స్వయంగా కోరుకొనేవారు అరుదు.

ఇక ఆ పాఠశాల సంగతి. బయటి ప్రపంచంతో దానికి ఉన్న సంబంధం సెకనుకు 10 మెగాబిట్ల దారి ఒక్కటే. పట్టణవాసులకు ఒక ఇంటికి చాలని పరిమాణమది. అక్కడ ఆ దారి మీద కార్యాలయం నడవవలెను, పాఠాల గదిలో ఇరువది కంప్యూటర్లు నడవవలెను, సిబ్బంది నివాసాల వైర్‌లెస్ నడవవలెను, ఆవరణ చుట్టూ అమర్చిన ఎనిమిది కెమెరాల చిత్రాలు వేరొక ఊరిలోని పై కార్యాలయానికి చేరవలెను. వీటన్నిటితో పాటు, పిల్లలకు జబ్బు చేసినప్పుడు దూరాన ఉన్న వైద్యునితో నర్సమ్మ మాట్లాడే బల్ల కూడ అదే దారి మీద ఆధారపడి ఉన్నది. దూరవైద్యమన్నది మన్యంలో వేడుక కాదు. 2019లో మొదలైన ఇ-సంజీవని వంటి సేవలు కొండ దిగకుండానే వైద్యుని ముఖం చూపించగల సాధనాలు. మలేరియా జ్వరాలు నేటికీ పూర్తిగా వదలని ప్రాంతంలో వాటి విలువ వేరే చెప్పనక్కరలేదు.

మేము వెళ్లినది వర్షాకాలంలో. అంతకు కొద్ది దినాల ముందు ఒక బాలికకు వణుకుతో జ్వరం వచ్చినదట. నర్సమ్మ ఆ పిల్లను బల్ల ముందు కూర్చుండబెట్టి వైద్యుని పిలిచినది. వైద్యుడు అడిగే ప్రశ్న సగం వినవచ్చి సగం తెగిపోయేది. ముఖం నిలిచిపోయేది. నర్సమ్మ చెప్పిన జవాబు అటు ఎప్పుడు చేరేదో తెలియదు గాని, ఈమె మరల చెప్పుచుండగా ఆయన మరల అడిగేవాడట. ఇరువురూ ఒకరి మాట మీద ఒకరు పడుతూ పావుగంట గడిపిన మీదట ఆమె ఆ ప్రయత్నం మానుకొని, జీపు పిలిపించి, ఆ వానలో పిల్లను ఆసుపత్రికి తరలించినది. పిల్ల కోలుకొన్నది. అయితే నర్సమ్మ మాతో అన్న మాట మాత్రం మనసులో నాటుకొన్నది: "మాష్టారూ, డాక్టరుగారు ఉన్నారు, నేనున్నాను, పిల్ల ఉన్నది. మధ్యన దారే లేదు."

దారి లేకపోవడం కాదు. దారి ఉన్నది. ఆ పావుగంటలో దాని మీద ఏమి నడిచినదో స్విచ్ తన లెక్కల పట్టీలో వ్రాసిపెట్టుకొన్నది. మేనేజ్డ్ స్విచ్‌కు ఉన్న సుగుణాలలో ఇదొకటి: ఏ ద్వారం ఎంత సరుకు పంపినదో అది మరువదు. ఎనిమిది కెమెరాలు, ఒక్కొక్కటి సెకనుకు సుమారు ఒక మెగాబిట్ చొప్పున, వానలో తడుస్తున్న నిర్మానుష్యమైన ఆవరణను నిరంతరాయంగా పై కార్యాలయానికి చూపించుచున్నవి. కార్యాలయంలో ఎవరో పెద్ద దస్త్రాన్ని పంపుతున్నారు. వైద్యుని ముఖానికి కావలసినది ఒక్క మెగాబిట్ మాత్రమే. ఆ ఒక్కటి దొరకలేదు.

విజ్ఞులు ఇక్కడ ఒక సందేహం వెలిబుచ్చవచ్చును. దారి ఇరుకైతే వెడల్పు చేయించరాదా? చేయించవచ్చును, సాధ్యమైన చోట. కనుమల్లో అది అడిగిననాడు జరిగే పని కాదు. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. నియమం లేని చోట ఎంత వెడల్పు చేసినా, ముందు నిండేది ఆకలి ఎక్కువ ఉన్నవాని కంచమే. కెమెరా చిత్రం ఇంకా స్పష్టంగా కావలెనంటారు, దస్త్రాలు పెరుగుతాయి, ప్రశ్న మరల మొదటికే వస్తుంది.

కనుక వరుస నిర్ణయింపవలసి వచ్చినది. ప్రధానోపాధ్యాయులు, కార్యాలయ గుమాస్తా, నర్సమ్మ, ఇద్దరు ఉపాధ్యాయులు ఒక గదిలో సమావేశమైనారు. మేము ఒక కాగితం తీసుకొని వారు చెప్పినది వ్రాసుకొన్నాము. గుమాస్తాగారి వాదం ఇది: హాజరు వివరాలు వేళకు పోకపోతే పిల్లల బియ్యానికీ పద్దులకూ చిక్కు వస్తుంది, కావున కార్యాలయమే మొదటిది. ఆ మాటలో న్యాయం ఉన్నది. కెమెరాలు ఆడపిల్లల వసతి భద్రత కొరకు పెట్టినవి, వాటిని తక్కువ చేయరాదని ఒక ఉపాధ్యాయురాలు అన్నారు. అదీ న్యాయమే. వైద్యుని పిలుపు మొదటిదని నర్సమ్మ అన్నది, దానిని ఎవరూ కాదనలేదు. పాఠాల గది సంగతి ఎవరూ ఎత్తలేదు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న పదవ తరగతి బాలుడొకడు, ఎవరూ అడగకుండానే, "సార్, సాయంత్రం మా పాఠం గుండ్రంగా తిరుగుతూనే ఉంటది" అన్నాడు. తెర మీద గిరగిర తిరిగే ఆ చక్రాన్ని ఎరుగనివారెవరు? అందరూ నవ్వినారు గాని, ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు.

ఆ సమావేశంలో తేలిన మొదటి సత్యం ఇది: ప్రతివాని పనీ వానికి అత్యవసరమే. ఎవరికివారు తమ మూటలపై ఏడవ నంబరు ముద్ర వేసుకొనే స్వేచ్ఛ ఇస్తే, అందరూ ఏడవ అంతస్తులోనే ఉంటారు, అప్పుడు అంతస్తులే ఉండవు. అందుచేతనే తెలిసినవారు యంత్రాలు తమకు తాము వేసుకొన్న ముద్రలను స్విచ్ గుమ్మంలోనే చెరిపివేయిస్తారు. ఏ ద్వారం నుండి వచ్చినదో చూసి స్విచ్ తానే కొత్త ముద్ర వేస్తుంది. ప్రాధాన్యం కోరేవాడు వేరు, ప్రాధాన్యం ఇచ్చేవాడు వేరు కావలెను.

రెండవ సత్యం మరింత సూక్ష్మమైనది. స్విచ్‌లో ప్రాధాన్యాన్ని అమలు చేసే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది కఠిన ప్రాధాన్యం: పై వరుసలో ఒక్క మూట ఉన్నంతవరకు క్రింది వరుస కదలదు. రెండవది తూకపు వంతు: ప్రతి వరుసకూ ఒక తూకం ఇచ్చి, మూడు ఇక్కడ, మూడు అక్కడ, ఒకటి అక్కడ అని వంతులవారీగా పంపడం. ఎవరైనా తమ వంతు వాడుకొనకపోతే అది మిగిలినవారికి చెందుతుంది. కార్యాలయానికి కఠిన ప్రాధాన్యం ఇచ్చినామనుకొనండి. పద్దులు పంపే దినాన ఉదయం నుండి సాయంకాలం వరకు పై వరుస ఖాళీ కాదు. పాఠాల గది ఆ దినమంతా ఉపవాసముంటుంది. దానిని ఎవరూ ఆపివేయలేదు, దానికి వ్యతిరేకంగా ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. అయినా దాని వంతు రాదు, అంతే. కాలువ చివరి భూముల రైతును అడిగితే ఈ స్థితిని మనకంటె బాగుగా వర్ణిస్తాడు. నీరు వదిలినారన్న వార్త వానికీ చేరుతుంది, నీరు మాత్రం చేరదు.

మరి కఠిన ప్రాధాన్యానికి అర్హులెవరు? ఈ ప్రశ్నకు సీలేరు కొండలమీది విద్యుత్ తీగలే సమాధానం చెప్పగలవు. హెచ్చు వోల్టేజి తీగల మీదనే మాటలను కూడ పంపే ఏర్పాటు ఒకటి దశాబ్దాలుగా విద్యుత్ శాఖలవారి వాడుకలో ఉన్నది. దీనిని పి.ఎల్.సి.సి. అంటారు. కేంద్రంలోని ఇంజనీరు వేరొక కేంద్రంలోని ఇంజనీరుతో ఆ తీగ మీద మాట్లాడుకొనేవాడు. అదే తీగ మీద రక్షణ సంకేతాలు కూడ నడుస్తాయి. తీగ మీద ఎక్కడైనా లోపం పుట్టి, అవతలి చివర తక్షణం తెంచవలసి వచ్చినప్పుడు, పరికరం మాటను ఒక్క క్షణం అణచి, తన శక్తి యావత్తును ఆ సంకేతానికి ఇస్తుంది. సంభాషణ మధ్యలో చిన్న విరామం, అంతే. మాట్లాడేవారు దానిని గమనింపకపోవచ్చును కూడ. ఆ సంకేతం మిక్కిలి చిన్నది, ఎప్పుడో గాని రానిది, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమైతే నిరర్థకమైనది. ఈ మూడు లక్షణాలు ఉన్నవానికి కఠిన ప్రాధాన్యం ఇచ్చినా లోకానికి నష్టం లేదు. పెద్దదై, ఎడతెగనిదై ఉన్నదానికి ఇస్తే అది తక్కినవారిని మ్రింగివేస్తుంది. అటువంటిదానికి వలసినది వాటా, వరుస కాదు.

ఈ కొలతతో మా కాగితం మీది పేర్లను మరల చూసినాము. వైద్యుని పిలుపు చిన్నది, అరుదైనది, ఆలస్యాన్ని సహింపనిది. దానికి మొదటి వరుస. అయినా రెండు మెగాబిట్లకు మించరాదని దానికి సైతం హద్దు పెట్టినాము. ఆ బల్ల మీద రేపు ఎవరైనా సినిమా పెట్టుకొంటే మొదటి వరుస పేరిట దారి అంతా దోపిడి కాగూడదు కదా! కార్యాలయం, పాఠాల గది, కెమెరాలు - ఈ మూడింటికి మూడు, మూడు, ఒకటి తూకపు వంతు. కార్యాలయానికీ పాఠాల గదికీ సమానమైన తూకం అన్నప్పుడు గుమాస్తాగారు కొంత ఆలోచించి, "సరే, పిల్లల కోసమే కదా ఈ కార్యాలయం" అన్నారు. కెమెరాలకు వచ్చినది ఒక్క వంతే అయినా భద్రతకు లోటు చేయలేదు. పూర్తి స్పష్టత గల చిత్రం ఆవరణలోని యంత్రంలోనే భద్రమవుతుంది, పై కార్యాలయానికి మాత్రం ఒక్కొక్క కెమెరా నుండి సుమారు 120 కిలోబిట్ల చిన్న చిత్రం పోతుంది. ఎనిమిదింటికీ కలిపి ఒక మెగాబిట్ లోపే.

నియమాలు వ్రాసినంత మాత్రాన పని పూర్తి అవుతుందని విద్యార్థి మిత్రులు భావించరాదు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. స్విచ్ ద్వారాల వేగం సెకనుకు 1000 మెగాబిట్లు. బయటి దారి వేగం 10. స్విచ్ వద్ద ఎన్నడూ రద్దీ ఏర్పడదు. వచ్చినవి వచ్చినట్లే క్షణంలో ముందుకు నెట్టివేస్తుంది. రద్దీ ఏర్పడేది దాని అవతల ఉన్న మోడెం పెట్టెలో. ఆ పెట్టెకు మన వరుసలు తెలియవు. అందులో 500 మూటలు పేరుకొన్నాయనుకొందాము. 1500 బైట్లంటే 12,000 బిట్లు. 10 మెగాబిట్ల దారిపై ఒక మూట పోవడానికి 1.2 మిల్లీసెకన్లు. 500 మూటలకు 600 మిల్లీసెకన్లు, అనగా అరసెకనుకు పైన. మాటల సంభాషణ సుఖంగా సాగవలెనంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లకు మించకుండుట మేలని అంతర్జాతీయ టెలిఫోన్ ప్రమాణాలు చెబుతున్నవి. నర్సమ్మ, వైద్యుడు ఒకరి మాట మీద ఒకరు ఎందుకు పడినారో ఈ లెక్కలో తెలుస్తున్నది.

ఉపాయం విచిత్రమైనది. మన స్విచ్ బయటి ద్వారాన్ని మనమే బుద్ధిపూర్వకంగా ఇరుకు చేయవలెను. 10 ఉన్నచోట 9కి తగ్గించినాము. ఒక మెగాబిట్ త్యాగం చేయగా రద్దీ మోడెం పెట్టెను వదలి మన స్విచ్ లోపలికి వచ్చినది. ఇప్పుడు వరుస మన చేతిలో ఉన్నది. ఆ తొమ్మిదిలో వైద్యుని బల్లకు రెండు పోగా, మిగిలిన ఏడూ మూడు, మూడు, ఒకటిగా సరిపోయినవి. తూము తాళం ఎవరి చేతిలో ఉంటే పంపకం వారిది. ఇరుకు ఎక్కడ ఉన్నదో తెలియకుండా వెడల్పైన చోట నియమాలు వ్రాయడం, నడిసముద్రంలో వంతులు పెట్టడం వంటిది.

ఇది పోయే సరుకు సంగతి. వచ్చే సరుకుది వేరొక సమస్య. అది అవతలి చివరన వరుస కడుతుంది, అక్కడ మన తాళం లేదు. అయితే పంపేవానికి ఒక సత్స్వభావం నేర్పబడి ఉన్నది. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకు, సమీపాననే ఉన్న బర్కిలీ విశ్వవిద్యాలయానికి నడుమ సెకనుకు 32,000 బిట్ల వేగం ఒక్కసారిగా 40 బిట్లకు పడిపోయినది. మూట చేరలేదని తలచి ప్రతి యంత్రమూ మరల పంపడం, ఆ మరల పంపినవే రద్దీని హెచ్చించడం దానికి కారణం. వాన్ జాకబ్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు 1988లో ప్రకటించిన పద్ధతుల వలన, మూటలు పోతున్నాయని గ్రహించిన యంత్రం తనంతట తానే వేగం తగ్గించుకోవడం నేర్చుకొన్నది. నేడు ప్రపంచపు నెట్‌వర్కు కుప్పకూలకుండా నిలిచి ఉన్నదంటే, ఈ సంయమనమే దానికి ఒక ముఖ్య కారణం. కావున లోపలి ద్వారాలకు హద్దు పెడితే, హద్దు దాటిన మూటలు రాలిపోగా, పంపేవాడు దూరాన ఉండి కూడ తగ్గుతాడు. కార్యాలయానికి 3, పాఠాల గదికి 4, సిబ్బంది వైర్‌లెస్‌కు 1 అని హద్దులు పెట్టినాము. మొత్తం ఎనిమిది. మిగిలిన రెండు వైద్యుని బల్లకు ఎల్లవేళలా ఖాళీగా ఉంటాయి.

హద్దుకూ వంతుకూ ఉన్న తేడాను ఇక్కడ గుర్తింపవలెను. వంతులో వాడనిది ఇతరులకు పోతుంది. హద్దులో వాడనిది వృథా అవుతుంది. సాయంకాలం ఆరు దాటితే కార్యాలయానికి తాళం పడుతుంది, దాని మూడు మెగాబిట్లు నిద్రపోతాయి. పిల్లలు పాఠాల గదికి వచ్చేది సరిగ్గా అప్పుడే. కనుక కాలాన్ని కూడ నియమంలో చేర్చినాము. ఆరు గంటల తరువాత ఆ మూడూ పాఠాల గదికి చేరి, నాలుగు ఏడవుతుంది. కంప్యూటర్లు తమను తాము సరిచేసుకొనుటకు తెప్పించుకొనే పెద్ద పెద్ద మూటలను అర్ధరాత్రి తరువాతికి మార్చినాము. ఒకటవ నంబరు ముద్ర వాటికి తగినది.

ఫలితాన్ని గురించి గొప్పలు చెప్పుకొనవలసినది లేదు. దారి పది మెగాబిట్లే, ఒక్క బిట్టు కూడ పెరగలేదు. దస్త్రాలు పోవడానికి మునుపటికంటె కొంత ఆలస్యమవుతున్నదని గుమాస్తాగారు అన్నారు, అది నిజమే. పై కార్యాలయంవారు కెమెరా చిత్రం చిన్నదైనదని అడిగినారు, కారణం చెప్పగా అంగీకరించినారు. మేము తిరిగి వచ్చిన కొన్ని వారాలకు నర్సమ్మ ఫోను చేసి, ఒక పిల్లవాని చెవిపోటుకు వైద్యుడు మందు చెప్పినాడనీ, మాట తెగలేదనీ తెలిపినది. జీపు అవసరం రాలేదు. ఆ మాట మాకు చాలును.

ఇప్పుడు సీలేరు నీటి సంగతి మరొకసారి తలచుకొందాము. బలిమెల వద్ద చెరిసగం అన్నది వాటా. రబీలో ఎండుతున్న చేనుకు వేళకు నీరు విడవడం వరుస. వాటా లేని వరుస బలవంతుని పాలవుతుంది. వరుస లేని వాటా ప్రాణం మీదికి వచ్చినవానిని కూడ క్యూలో నిలబెడుతుంది. రెండూ కావలెను, రెండింటినీ ముందుగానే, కొరత లేనినాడే, కాగితం మీద అందరి ఎదుట వ్రాసుకొనవలెను. స్విచ్‌కు న్యాయాన్యాయ విచక్షణ లేదు. మనం వ్రాసినదానిని అది రాత్రింబవళ్లు అలుపెరుగక అమలు చేస్తుంది. అన్యాయం వ్రాసినా అంతే శ్రద్ధతో అమలు చేస్తుంది. కావున ఆ వ్రాత సాంకేతిక నిపుణుని ఒక్కని చేతిలో ఉండదగినది కాదు.

మన కళాశాలలో కూడ ఒక దారి ఉన్నది, దానికి అనేక హక్కుదారులు ఉన్నారు. కార్యాలయం ఉన్నది, ప్రయోగశాల ఉన్నది, గ్రంథాలయం ఉన్నది. పరీక్షల దరఖాస్తుకూ విద్యార్థి వేతనపు దరఖాస్తుకూ గడువు ముగిసే దినాన గ్రంథాలయపు కంప్యూటరు ముందు బారులు తీరే విద్యార్థులు ఉన్నారు. వారిలో ఇంటివద్ద ఏ సదుపాయమూ లేనివారే ఎక్కువ. ఆ ఒక్క దినం వారి మూట ఆగితే ఒక సంవత్సరం ఆగవచ్చును. వారు అడగరు. గుమ్మం దగ్గర నిలబడి వినడం వారికి అలవాటు. కార్యవర్గంవారికి మా మనవి ఒక్కటే. ఎవరి వరుస ఏది, ఎవరి వాటా ఎంత అన్న పట్టికను ఉభయ భాషలలో వ్రాయించి గ్రంథాలయం వెలుపల ప్రకటన పలకపై పెట్టించవలెను. ఏటా ఒకమారు విద్యార్థి ప్రతినిధుల సమక్షంలో దానిని సవరింపవలెను. ఇందుకు కొత్తగా కొనవలసిన వస్తువేదీ లేదు. ఒక కాగితం, ఒక గంట సమావేశం చాలును. స్విచ్ మనం చెప్పినట్లు వినడానికి సిద్ధంగానే ఉన్నది.